రాగి పెట్టె దాటిన కేక

మీరేం చేస్తుంటారని ఎవరైనా అడిగితే నేను తడుముకుంటాను. బీకన్లు పరీక్షిస్తానంటే అర్థం కాదు, విడమరిచి చెబితే నమ్మరు. మా సందు చివర ఇస్త్రీ బండి ఆయన చాలాకాలం మేం సెల్‌ఫోన్లు బాగుచేస్తామనే అనుకున్నాడు, నేనూ కాదనలేదు. అసలు సంగతి ఇది. సముద్రంలో పడవ మునిగితేనో, అడవిలో హెలికాప్టర్ కూలితేనో, అందులో ఉన్నవాళ్ళ తరఫున కేక పెట్టే డబ్బా ఒకటి ఉంటుంది. దాని కేక మనుషుల చెవికి వినబడదు. పైన తిరిగే ఉపగ్రహాలు వింటాయి. అవి ఆ కబురును సహాయ కేంద్రానికి చేరవేస్తే, అక్కడివాళ్ళు ముందు ఆ డబ్బా తాలూకు ఇంటికి ఫోన్ చేస్తారు, ఆపైన ఓడనో విమానాన్నో పంపుతారు. ఆ డబ్బానే బీకన్ అంటారు. ఆపద వచ్చిన రోజున అది పనిచేస్తుందా లేదా అని ముందుగా చూసిపెట్టడం మా పని.

మా గది అమీర్‌పేటలో ఉంది. కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్న సందులో, అమ్మాయిల హాస్టల్ నడిచే బిల్డింగు డాబా మీద, సిమెంటు రేకులు వేసిన ఒంటి గది. ఎండాకాలం పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది. అయినా ఏరికోరి తీసుకున్నాం, మా పనికి నెత్తిమీద ఆకాశం కావాలి కనుక. మేం అంటే నేనూ, నా భాగస్వామీ. ఆయన ఇక్కడే పుట్టి పెరిగి, చాలా ఏళ్ళు సరుకు ఓడల్లో రేడియో పని చేసి వచ్చిన మనిషి. నేను బేగంపేటలో విమానాల రేడియోలు చూసే ఉద్యోగం మానేసి వచ్చాను. ఆయన్ని నేను భాయ్ అంటాను, ఆయన నన్ను అక్కా అంటాడు, వయసులో నాకన్నా పెద్దవాడైనా సరే. రోజుకు ఒకసారైనా పోట్లాడుకోకపోతే మాకు పొద్దు గడవదు.

గది మధ్యలో పెద్ద పెట్టె ఉంటుంది. లోపలంతా రాగి జాలీ, తలుపుకు రాగి అంచు. బీకన్‌ను అందులో పెట్టి, తలుపు బిగించి, అప్పుడు మోగిస్తాం. దాని కేక ఆ జాలీ దాటి బయటికి పోదు. అది ఏమని అరుస్తోందో పక్కనున్న కంప్యూటర్ తెర మీద కనబడుతుంది: ఏ పడవ డబ్బానో, ఎక్కడుందో, గొంతు ఎంత బలంగా ఉందో. బయట మోగించడానికి వీల్లేదు. మోగిస్తే సహాయ కేంద్రం వాళ్ళు నిజమనుకుని పరుగెత్తుతారు, ఆ సమయంలో నిజంగా మునిగేవాడి వంక చూసేవాళ్ళు తక్కువవుతారు. అందుకని మా దగ్గరికొచ్చే ప్రతి డబ్బా రాగి పెట్టెలో తనలో తానే అరుచుకుని, పాస్ అనిపించుకుని వెళ్ళిపోతుంది. ఆకాశం దాకా వెళ్ళిన కేక ఒక్కటి కూడా అప్పటిదాకా నేను చూడలేదు.

పడవల బీకన్లతో ఇంకో తంటా. వాటికి అడుగున రెండు చిన్న లోహపు బొత్తాలు ఉంటాయి. పడవ మునిగి, డబ్బా తన స్టాండులోంచి ఊడి నీళ్ళలో తేలితే, ఆ రెండు బొత్తాల మధ్య తడి చేరి దానంతట అదే మోగడం మొదలుపెడుతుంది. మనిషికి స్పృహ లేకపోయినా మోగాలి కదా. స్టాండులో ఉన్నంతసేపు ఎంత తడిసినా మోగదు. బయటికి తీశామంటే మాత్రం ఆ బొత్తాలకు తడి తగలకూడదు. అందుకని మా గదిలోకి నీళ్ళు రావు. తాగాలంటే బయట డాబా మీదికి వెళ్ళాలి. టీ కూడా అక్కడే. ఎండనపడి మెట్లెక్కి రొప్పుతూ వచ్చిన మనిషికైనా సరే, గ్లాసు గుమ్మం బయటే ఇస్తాం. ఈ విషయంలో నేను ఎవరి మొహమాటానికీ లొంగలేదు. ఆవిడకి కాస్త తిక్క అని కింద హాస్టల్ వార్డెన్ అంటుందట. అననీ.

ఒక ఏడాది దసరా ముందు కాకినాడ అవతలి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. తమ బోటు బీకన్ బస్సు పార్సిల్లో పంపుతున్నాను, బాగా చూడండి అని. బోటు వాళ్ళదే, దాన్ని నడిపే సరంగు ఆమె భర్తే. ఇలాంటి ఫోన్లు మామూలుగా మగవాళ్ళు చేస్తారు, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారని అడుగుతారు, నేను ఇంకా చూడలేదంటే విసుక్కుంటారు. ఈవిడ సర్టిఫికెట్ మాటే ఎత్తలేదు.

"మీరు చూసి బాగుందంటే బాగున్నట్టేనామ్మా?" అంది.

"పరీక్ష చేశాకే చెబుతామండి."

"అది కాదమ్మా. సముద్రంలో అది అరిస్తే ఇనేవోళ్ళు ఉన్నారా, నిజంగా?"

నేను ఉపగ్రహాల సంగతి మొదలుపెట్టాను. ఆవిడ ఓపిగ్గా విని, తన తమ్ముడి సంగతి చెప్పింది. కొన్నేళ్ళ కిందట తుఫాను ముందు వేటకు వెళ్ళిన ఒక బోటు తిరిగి రాలేదు. అందులో అతనున్నాడు. ఆ బోటులోనూ ఇలాంటి డబ్బా ఉండేది. దాన్ని నొక్కారో లేదో, నొక్కితే మోగిందో లేదో, మోగితే ఎవరైనా విన్నారో లేదో, ఈనాటికీ తెలియదు. ఇప్పుడు మళ్ళీ తుఫాన్ల రోజులు. మిగతా బోట్లన్నీ వేటకు పోయాయి. మరమ్మతు పూర్తయిన వీళ్ళ బోటు మాత్రం రేవులోనే కట్టేసి ఉంది.

"నాకు నమ్మకం కుదిరేదాకా ఆయన్ని ఎల్లనివ్వనండి. ఆయనేమో రోజూ నా మీద ఎగురుతున్నాడు. ఇంట్లో పొయ్యి ఎలగాలి కదా అంటాడు. మీరే తేల్చాలమ్మా" అంది.

డబ్బా వచ్చింది. రాగి పెట్టెలో పెట్టి మోగించాం. గొంతు బలంగానే ఉంది, చిరునామా సరిగ్గానే చెబుతోంది. అడుగు బొత్తాల మధ్య తీగ ముక్క ఆనించి చూశాం, వెంటనే లేచింది. ఫోన్ చేసి బాగుందని చెప్పాను. ఆవిడ "ఊఁ" అని ఊరుకుంది. ఆ ఊఁ నాకు నచ్చలేదు. ఒప్పుకున్నట్టు లేదు, కాదన్నట్టూ లేదు. విప్పి, లోపలి రబ్బరు చుట్టు కొత్తది వేసి, మళ్ళీ బిగించి మళ్ళీ మోగించాను. మర్నాడు ఎండలో ఉంచి చూశాను, ఆ తర్వాత చలవపెట్టెలో ఉంచి చూశాను. భాయ్‌కి విసుగెత్తింది.

"గా డబ్బాకు ఏం రోగం లేదక్కా. ఎన్నిసార్లని చూస్తవ్? జర పంపియ్యి, వాళ్ళు ఎదురుచూస్తుండ్రు."

"ఆవిడ అడిగినదానికి జవాబు దొరికిందా?"

"గా జవాబు నీ తాన లేదు, నా తాన సుత లేదు."

"అన్నేళ్ళు ఓడల్లో తిరిగావు కదా, నీ ఓడలో ఎప్పుడైనా మోగిందా?"

"లేదు. అల్లా దయ" అని తన పనిలో పడ్డాడు.

నాకు పట్టుదల ఎక్కువ. దానికి ఇంట్లో వేరే పేర్లున్నాయి. కానీ అప్పుడు నన్ను కుదిపేసింది పట్టుదల కాదు, సిగ్గు. ఇన్ని డబ్బాలకు బాగుందని సంతకం పెట్టాను. అటువైపు ఎవరైనా వింటున్నారా అని ఒక ఆడమనిషి అడిగితే, చదివినదే అప్పజెప్పాను తప్ప నాకు స్వయంగా తెలిసినది ఒక్క ముక్క లేదు. పండగ వెళ్ళగానే డబ్బా పంపిద్దాం, ఈలోగా ఆవిడకు చెప్పడానికి సరైన మాట ఏదైనా దొరక్కపోతుందా అనుకుని, దాన్ని స్టాండులోంచి తీసి బల్లమీద పెట్టాను. రెండూ విడివిడిగా ప్యాక్ చేయాలి.

ఆయుధ పూజ మా అత్తయ్యగారి సొంత పండగ. మామూలు రోజుల్లో పంజాగుట్టలో మా ఇల్లు దాటి రారు, ఆ రోజు మాత్రం మా గది ఆవిడ రాజ్యం. మీటర్లు, సోల్డరింగ్ ఇనుములు, రాగి పెట్టె, ఆఖరికి ఫ్యాను స్విచ్చి దాకా అన్నిటికీ బొట్లు. నీళ్ళ సంగతి ఆవిడకు ముందే గట్టిగా చెప్పాను, ఒక్క చుక్క కూడా లోపలికి రాకూడదని. ఆవిడ మాట తప్పలేదు. కొబ్బరికాయ బయట డాబా మీదే కొట్టారు. చెంబు గుమ్మం బయటే వదిలేశారు. నేనూ భాయ్ కింద గేటు దగ్గర గుమ్మడికాయ పనిలో ఉన్నాం. ఏటా దాన్ని ఎత్తి కొట్టేది భాయే, నా నడుం సంగతి ఆయనకు తెలుసు. అది పగిలేసరికి అత్తయ్యగారు గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, వెలిగిపోతున్న ముఖంతో దిగి వచ్చారు. ఎవరిళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయాం.

ఇంట్లో పులిహోర తింటుంటే ఫోన్ మోగింది. సహాయ కేంద్రం నుంచి ఒక ఆఫీసరు, తెలుగాయనే. ఫలానా బోటు బీకన్ మీ దగ్గర ఉందా అన్నాడు. ఉందన్నాను.

"అది ఆపద సిగ్నల్ ఇస్తోంది మేడం. ముందు బోటు నంబరు వచ్చింది, వాళ్ళింటికి ఫోన్ చేశాం. ఆవిడే మీ నంబరిచ్చింది. ఇప్పుడు స్థలం కూడా వచ్చింది. హైదరాబాద్, అమీర్‌పేట చూపిస్తోంది."

వానొస్తే అమీర్‌పేట రోడ్డు మీద మోకాళ్ళ లోతు నీళ్ళు నిలవడం మామూలే కానీ, బోటు మునిగేంత ఎప్పుడూ రాలేదు. పైగా ఆ రోజు ఎండ కాస్తోంది. ఇప్పుడే వెళ్ళి ఆపుతానని చెప్పి, అత్తయ్యగారి వైపు తిరిగాను.

"బల్లమీద నారింజరంగు డబ్బాకి ఏం చేశారు?"

"ఏం చేస్తానమ్మాయ్, బొట్టు పెట్టాను."

"తడి తగలకూడదని చెప్పానా?"

"తడి ఎక్కడిది? పసుపే కదా! గదిలో నీళ్ళు వద్దన్నావని ఇక్కడే, ఇంట్లోనే, చక్కగా ముద్దగా కలిపి తెచ్చాను."

ఆవిడ ఇంకా చెబుతూనే ఉన్నారు. "పక్కకి పడుకోబెట్టి చూస్తే అడుగున రెండు కళ్ళలా ముద్దొచ్చాయి. ఆ రెంటి మధ్యా నిండుగా పసుపు రాసి బొట్టు పెట్టాను. పెట్టానో లేదో, పైన దీపం వెలిగింది! నా పూజ అందిందని ఎంత సంతోషం వేసిందో. దానికే పెద్ద దండ వేశాను."

ఒళ్ళు మండిపోయింది. అరుద్దామని నోరు తెరిచి, అరిచే తీరిక కూడా లేదని గుర్తొచ్చి మూసుకున్నాను. భాయ్‌కి ఫోన్ చేసి గేటు దగ్గరికి రమ్మన్నాను. తాళంచెవి ఇమ్మంటే అత్తయ్యగారు ఇవ్వలేదు, నేనూ వస్తానని చెప్పులేసుకున్నారు. పంజాగుట్ట చౌరస్తాలో బంతిపూలు కట్టిన బండ్లన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ ఆగిపోయి ఉన్నాయి. ఆటోతో అయ్యే పని కాదని మెట్రో ఎక్కాం, ఒక్క స్టేషనే కదా. ఆ దూరంలోనే నాకు ప్రాణం విసిగిపోయింది. మా గదిలో డబ్బా అరుస్తున్నంతసేపూ ఆ ఆఫీసరు దృష్టి మా మీదే ఉంటుంది. ఇదే సమయంలో ఎక్కడో సముద్రంలో ఇంకో డబ్బా నిజంగా అరుస్తుంటే? నాకు చాలా భయం వేసింది. మోకాళ్ళ నొప్పులతో అత్తయ్యగారు మా డాబా మెట్లన్నీ ఎక్కారు, ఒక్క మాట అనకుండా.

తలుపు తీస్తే బంతిపూల దండ వెనక తెల్లటి దీపం టపటపా కొట్టుకుంటోంది. భాయ్ దండ లాగేశాడు. నేను కొంగుతో అడుగున పసుపంతా తుడిచి, పొడిగా అయ్యేదాకా రుద్ది, డబ్బాను స్టాండులోకి నెట్టాను. దీపం ఆగింది. వెంటనే ఆఫీసరుకు ఫోన్ చేశాను.

"ఆపేశాం సార్."

"ఇక్కడా ఆగింది మేడం. కారణం చెప్పండి, రాసుకోవాలి."

"తడి తగిలిందని చెప్పక్కా, చాలు. పూజా గీజా అనకు" అని భాయ్ నా చెవిలో గొణిగాడు.

తడి తగిలిందంటే అబద్ధం కాదు. కానీ అలా సగం చెబితే రేపు ఇంకో ఊళ్ళో ఇంకో అత్తయ్యగారు ఇదే పని చేస్తారు. పసుపు దగ్గర నుంచి బంతిపూల దండ దాకా అంతా చెప్పాను.

"పొద్దున మా కంప్యూటర్లకి కూడా బొట్లు పెట్టారు మేడం" అన్నాడు. "బోట్ల వాళ్ళందరికీ ఈ సంగతి చెప్పాలి. వాళ్ళూ ఇవాళ పూజలు చేస్తారు కదా."

"ఈలోగా ఇంకెక్కడి నుంచైనా కేక వచ్చిందా సార్?"

"రాలేదు. మీది ఒక్కటే."

అక్కడే కింద కూలబడ్డాను.

కానీ పని అయిపోలేదు. ఇలా బయట నిజంగా అరిచిన డబ్బాను అదే బ్యాటరీతో తిరిగి పంపకూడదు. ఎంత ఖర్చయిందో ఎవరికి తెలుసు, ఆపద రోజున సగంలో గొంతు పోతే? కొత్త బ్యాటరీ మా బీరువాలోనే ఉంది.

"గియ్యాల పండుగ అక్కా. రేపు చేద్దాం తియ్యి" అన్నాడు భాయ్.

"ఇవాళే."

"నీ జిద్దు నీదే" అని తిట్టుకుంటూనే స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. విప్పాం, బ్యాటరీ మార్చాం, రబ్బరు చుట్టు మళ్ళీ కొత్తది వేశాం, అడుగు బొత్తాల సందుల్లో దాక్కున్న పసుపును బ్రష్షుతో గీకాం. రాగి పెట్టెలో పెట్టి మళ్ళీ మోగించాం. అత్తయ్యగారు డాబా మీద కుర్చీ వేసుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుంటున్నారు.

"నా మూలంగా ఆ బోటాయన భార్య ఎంత హడలిపోయిందో. నేను మాట్లాడనా?" అన్నారు.

"నేనే మాట్లాడతాను అత్తయ్యగారూ. మీరు కూర్చోండి" అన్నాను. నా కోపం అప్పటికి దిగిపోయింది.

ఆ ఫోన్ చేయడానికి నాకు చెయ్యి రాలేదు. పండగ పూట ఆవిడ గుండె ఆగినంత పని చేశాం. అసలే నమ్మకం కుదరని మనిషి. ఇక ఈ డబ్బాను ఎందుకు నమ్ముతుంది? బోటు ఇంకెన్నాళ్ళు రేవులో పడి ఉంటుంది? ఏదైతే అదయిందని నొక్కాను. క్షమించమని మొదలుపెడితే ఆవిడ నన్ను చెప్పనివ్వలేదు.

"ఫోనొచ్చినప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదమ్మా. డబ్బా మీ దగ్గరుందన్న సంగతే మర్చిపోయాను. ఆయన పొద్దున్నే రేవుకెళ్ళాడు. నాకు చెప్పకుండా ఎల్లిపోయాడేమో అనుకున్నాను. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని రేవుదాకా పరిగెత్తాను. బోటు కట్టేసే ఉంది. ఆయన దాని మీద కూకుని వల బాగుచేసుకుంటున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది మీ సంగతి."

"తప్పు మాదేనండి. పసుపు..."

"ఆ ఆఫీసులో ఆయనెవరో, నన్ను అన్నీ అడిగాడమ్మా. బోటు రంగేంటి, ఎంతమంది ఎల్లారు, ఆళ్ళ పేర్లేంటి, ఎటు ఎల్లుంటారు అని. నేను పరిగెత్తుతుంటే, కంగారు పడకమ్మా, మేం ఉన్నాం, ఫోన్ పెట్టెయ్యకు అన్నాడు. పండగ పూట కూడా కూకుని ఉన్నాడమ్మా."

"ఉంటారండి. ఎప్పుడూ ఉంటారు" అన్నాను. ఆ మాట అంటుంటే నాకే కొత్తగా ఉంది.

వెనక ఎక్కడో బోటు ఇంజన్ల చప్పుడు వినబడుతోంది.

"మా తమ్ముడి పేరు ఎవరూ అడగలేదమ్మా అప్పుడు" అంది.

కళ్ళు నిండిపోయాయి. భాయ్ నావైపు చూసి ముఖం తిప్పుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, కొత్త బ్యాటరీ వేశామనీ, మళ్ళీ పరీక్షించామనీ చెప్పబోయాను.

"అయ్యన్నీ ఎందుకులేమ్మా. పంపెయ్యండి."

"రేపు పొద్దుటి బస్సుకే వేస్తాను."

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను, పెట్టలేదు. చెవి దగ్గర నుంచి తీసి ఎవరినో పిలుస్తోంది. గాలిలోంచి, ఇంజన్ల చప్పుడులోంచి, గొంతెత్తి వేసిన కేక నాకు స్పష్టంగా వినబడింది.

"ఏవయ్యో! బోటులోకి ఐసు చెప్పి రా. ఎల్లుండి ఏటకి ఎల్దువుగాని."